కువైట్ జాతీయ ఎవాంజెలికల్ సంఘము: ఒక చిన్న సంఘ చరిత్ర, తెలుగు కాపరులకు దాని పాఠము

ప్రస్తావన

ముస్లిములు అధిక సంఖ్యలో ఉన్న దేశాలలోని క్రైస్తవ సంఘ చరిత్రను మన వేదాంత కళాశాలలలో బోధించేటప్పుడు సాధారణంగా రెండు అధ్యాయాలతో ముగిస్తుంటారు. ఒకటి, అగస్టీను నాటి ఉత్తర ఆఫ్రికా సంఘము అంతరించిన వైనము. రెండవది, శామ్యూల్ జ్వేమర్ వంటి మిషనెరీల సాహస చరిత్ర. ఈ రెండింటి తరువాత వచ్చే మూడవ అధ్యాయము మన పాఠ్య పుస్తకాలలో కనిపించదు. అందులోని విశ్వాసులు మాత్రం మన సంఘాల రిజిస్టర్లలో కనిపిస్తారు. మైలవరం, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాల సంఘాలలో "కువైట్‌లో ఉన్నారు" అని గుర్తు పెట్టిన పేర్లు ఉన్నాయి. వారు శుక్రవారమునాడు ఎక్కడ కూడుకుంటారు? ఆ చోటు ఎవరిది? దానిని ఎవరు, ఎప్పుడు, ఎవరి కొరకు కట్టారు? ఈ ప్రశ్నలకు జవాబు వెదకడము ఈ వ్యాసము ఉద్దేశము.

మేము ఇక్కడ ప్రధానంగా పరిశీలిస్తున్నది కువైట్ జాతీయ ఎవాంజెలికల్ సంఘము. ఇది రిఫార్మ్‌డ్, ప్రెస్బిటేరియన్ సంప్రదాయానికి చెందిన చిన్న ప్రొటెస్టెంట్ శాఖ. దాని చరిత్రను చదివిన తరువాత మాకు తోచిన ఒక్క మాట ముందే చెబుతాము. ఎవరి కొరకైతే ఆ పని ఆరంభమైందో వారిలో ఫలము బహు స్వల్పము. అయితే ఆ పని వలన నిలిచిన నీడ క్రిందికి, ఆరంభించినవారు ఎన్నడూ ఊహించని జనులు వచ్చి చేరారు. వారిలో తెలుగువారు కూడా ఉన్నారు.

అరేబియా మిషను ఆరంభము

1889లో అమెరికాలోని న్యూ బ్రున్స్‌విక్ సెమినరీలో ఆచార్యుడు జాన్ లాన్సింగ్, ఆయన విద్యార్థులు కలిసి అరేబియా మిషనును స్థాపించారు. ఆ విద్యార్థులలో జేమ్స్ కాంటైన్, శామ్యూల్ జ్వేమర్ ముఖ్యులు. వారి సొంత శాఖయైన రిఫార్మ్‌డ్ చర్చి అప్పటికి ఈ భారాన్ని ఎత్తుకోలేని స్థితిలో ఉంది. అందుచేత మొదటి అయిదేళ్లు ఇది స్వతంత్ర మిషనుగానే నడిచింది. 1894లో రిఫార్మ్‌డ్ చర్చి దీనిని తన పనిగా స్వీకరించింది.

1891లో బస్రా, 1892లో బహ్రెయిన్, 1893లో మస్కట్ పరిచర్య కేంద్రాలయ్యాయి. ఈ పనికి చెల్లించిన వెల చిన్నది కాదు. మస్కట్‌లో పనిచేసిన పీటర్ జ్వేమర్, శామ్యూల్ జ్వేమర్ తమ్ముడు, 1898లో మరణించారు. 1904లో బహ్రెయిన్‌లో శామ్యూల్ జ్వేమర్ దంపతులు తమ ఇద్దరు చిన్న కుమార్తెలను కొద్ది దినాల వ్యవధిలోనే పోగొట్టుకున్నారు. అప్పటికే, 1903లో, అక్కడ మేసన్ స్మారక ఆసుపత్రి తెరవబడింది. వీధిలో ప్రసంగానికి మూసుకుపోయిన తలుపు వైద్యునికి తెరుచుకుంటుందన్న సంగతిని ఈ మిషను ఆ ఆసుపత్రి ద్వారా నేర్చుకున్నది.

కువైట్‌లో ఆసుపత్రి, ఆలయము

ఆనాటి కువైట్ నేటి కువైట్ కాదు. సముద్రం నుండి ముత్యాలు తీయడము, ఓడలు కట్టడము అక్కడి ప్రధాన వృత్తులు. అక్కడి పడవలు ఖర్జూరము నింపుకొని భారతదేశపు పడమటి తీరానికి వచ్చి, మలబారు నుండి టేకు కలప తీసుకువెళ్లేవి. 1896 నుండి 1915 వరకు పాలించిన షేక్ ముబారక్ మొదట మిషనెరీలను తన పట్టణములో ఉండనివ్వలేదు. బైబిలు దుకాణము పెట్టాలన్న తొలి ప్రయత్నము విఫలమైంది. తరువాత డాక్టర్ ఆర్థర్ బెన్నెట్ వైద్యమును గురించి తెలుసుకొని ఆయనే వారిని ఆహ్వానించారు. పుస్తకానికి దొరకని అనుమతి మందుల పెట్టెకు దొరికింది.

1912లో డాక్టర్ ఎలియనోర్ కాల్వర్లీ కువైట్ చేరి స్త్రీలకు వైద్యము ఆరంభించారు. ఆమె భర్త ఎడ్విన్ కాల్వర్లీ అరబీ భాషలో పండితుడు. 1914లో పురుషుల ఆసుపత్రి నిర్మించబడింది. డాక్టర్ స్టాన్లీ మైల్రియా దశాబ్దాల పాటు అక్కడ పనిచేసి, 1952లో కువైట్‌లోనే కన్నుమూశారు. 1920 అక్టోబరులో జహ్రా యుద్ధము జరిగినప్పుడు గాయపడినవారికి చికిత్స చేసింది ఈ ఆసుపత్రియే. ఆ సంఘటన తరువాత పట్టణ ప్రజల దృష్టిలో మిషనుకు ఒక స్థానము ఏర్పడింది.

1931లో ఆసుపత్రి ఆవరణలో ఆలయము కట్టబడింది. అక్కడ ఆరాధించినవారు ఎవరు? మిషనెరీ కుటుంబాలు, ఆసుపత్రి ఉద్యోగులు, టర్కీ, ఇరాక్ ప్రాంతాల నుండి వచ్చి స్థిరపడిన కొన్ని క్రైస్తవ కుటుంబాలు. ఇస్లాము నుండి వచ్చినవారు వ్రేళ్లమీద లెక్కించదగినంత మంది. అర్ధ శతాబ్దానికి పైగా చేసిన సేవకు లెక్కలో కనబడే ఫలము ఇది.

ఇంతలో కాలము మారింది. 1938లో బుర్గాన్ వద్ద చమురు బయటపడింది. 1946లో ఎగుమతి మొదలైంది. ఆ ధనముతో ప్రభుత్వమే ఆసుపత్రులు కట్టి ఉచిత వైద్యము ఇవ్వసాగింది. 1967లో మిషను ఆసుపత్రి మూతపడింది. ఆనాడు ఎవరైనా ఈ మిషను చరిత్రను వ్రాసి ఉంటే దానిని వైఫల్య చరిత్రగా ముగించేవారేమో. ఆసుపత్రి పోయింది. మారుమనస్సు పొందినవారి సంఖ్య చెప్పుకోదగినది కాదు. మిగిలింది ఒక ఆలయము, దాని చుట్టూ ఒక ఆవరణ, ప్రభుత్వము దృష్టిలో ఒక మంచి పేరు.

వలస వచ్చినవారి సంఘము

చమురు ఆసుపత్రిని అవసరము లేకుండా చేసింది. ఆ చమురే ఆలయాన్ని నింపింది. భారతదేశానికి, కువైట్‌కు మధ్య సంబంధము పాతదే. 1961లో సొంత దినారు వచ్చేవరకు అక్కడ చెలామణి అయినది రూపాయే. చమురు కంపెనీలలో, కార్యాలయాలలో, ఆసుపత్రులలో పని కొరకు 1950 దశకము నుండి మలయాళీలు పెద్ద సంఖ్యలో వెళ్లారు. వారిలో మార్తోమా, సి.ఎస్.ఐ., పెంతెకోస్తు తదితర శాఖల విశ్వాసులు ఉన్నారు. ఆరాధనకు చోటు కావలసినప్పుడు వారు చేరినది ఈ ఎవాంజెలికల్ ఆవరణనే.

తెలుగువారు కొంత వెనుకగా, 1970 దశకము నుండి ఎక్కువగా వెళ్లారు. కడప జిల్లా నుండి, గోదావరి జిల్లాల నుండి వెళ్లినవారు అధికము. వారిలో ఇంటి పనికి వెళ్లిన స్త్రీలు, డ్రైవర్లు, వంటవారు, కూలీలు, నర్సులు ఉన్నారు. వారు తీసుకువెళ్లిన సామానులో తెలుగు బైబిలు, పాటల పుస్తకము ఉన్నాయి. కువైట్‌లో వారపు సెలవు శుక్రవారము గనుక ఆరాధన ఆ దినానికి మారింది. ఇంటి పని చేసే స్త్రీకి ఆ సెలవైనా యజమానురాలి దయమీద ఆధారపడి ఉంటుంది. కాబట్టి ఒక్కొక్క కూడిక వెనుక ఎంత వేడుకోలు, ఎంత ఎదురుచూపు ఉన్నదో ఇక్కడ ఆదివారము తీరిక ఉండి కూడా రాని మన విశ్వాసులకు చెప్పవలసిన అవసరము ఉంది.

నేడు ఆ ఆవరణలో అరబీ, ఇంగ్లీషు, మలయాళము, తమిళము, తెలుగు మొదలైన అనేక భాషల సమాజాలు గంటల లెక్కన చోటు పంచుకొని ఆరాధిస్తున్నాయి. ఒక సమాజము ముగింపు ప్రార్థన చేస్తుండగా తరువాతి సమాజము తలుపు బయట నిలిచి ఉంటుంది. ఈ ఏర్పాటుకు చట్టపరమైన కారణము ఉంది. 1962 నాటి కువైట్ రాజ్యాంగము రెండవ అధికరణములో ఇస్లామును రాజ్య మతముగా ప్రకటించింది. 35వ అధికరణములో విశ్వాస స్వేచ్ఛను గుర్తించి, ప్రజా నియమానికి, నీతికి విరుద్ధము కానంతవరకు ఆచారము ప్రకారము ఆరాధనను కాపాడుతానని చెప్పింది. అయితే ప్రభుత్వ గుర్తింపు పొందిన క్రైస్తవ శాఖలు ఏడు మాత్రమే. వాటిలో జాతీయ ఎవాంజెలికల్ సంఘము ఒకటి. ముస్లిముల మధ్య మత ప్రచారము నిషిద్ధము. గుర్తింపు లేని సమాజాలు అద్దె ఇళ్లలో కూడుకోవలసి వస్తుంది. పొరుగువారు శబ్దము గురించి, వాహనాల గురించి ఫిర్యాదు చేస్తే ఆ కూడిక నిలిచిపోవచ్చు.

అంటే, 1931లో కొద్దిమంది కొరకు కట్టబడిన ఆలయము, దానితో వచ్చిన గుర్తింపు, ఈనాడు అనేక శాఖలకు ఒకే గొడుగు అయ్యాయి. ఆ గొడుగు క్రింద బాప్తిస్టు, లూథరన్, సి.ఎస్.ఐ., పెంతెకోస్తు తెలుగువారు ప్రక్క ప్రక్కనే ఉన్నారు. మన ఊళ్లలో ఒకే వీధిలో రెండు మందిరాల మైకులు ఒకదానితో ఒకటి పోటీ పడుతుండగా, అక్కడ అవసరము వారికి ఐక్యతను నేర్పింది. ఆ ఐక్యత సంపూర్ణమైనదని మేము అనడము లేదు. అక్కడ కూడా చీలికలు ఉన్నాయి. అయినా గంట మ్రోగగానే లేచి మరొకరికి చోటు ఇవ్వడము ఒక శిక్షణయే.

మన ప్రాంత చరిత్రతో పోలిక

ఊహించని దిక్కు నుండి సంఘము పెరగడము మనకు కొత్త కాదు. 1841లో హెన్రీ ఫాక్స్, రాబర్ట్ నోబుల్ సి.ఎం.ఎస్. పక్షాన మచిలీపట్నము చేరారు. 1843లో నోబుల్ పాఠశాల ఆరంభించారు. పై కులాల యువకులు విద్య ద్వారా క్రీస్తును ఎరిగితే వారి ద్వారా మిగిలిన సమాజము మారుతుందన్నది ఆయన ఆశ. 1852లో అయినాల భూషణము, మంచాల రత్నము బాప్తిస్మము పొందారు. ఆ తరువాత కూడా అటువంటివారు ఒకరిద్దరుగానే వచ్చారు. కాని 1859లో నందిగామ ప్రాంతపు రాఘవాపురము నుండి పాగోలు వెంకయ్య బెజవాడకు వచ్చి, మిషనెరీ డార్లింగ్‌ను కలుసుకొని, బాప్తిస్మము పొందారు. ఆయన మాల పెద్ద. మిషను ఆయనను వెదుక్కుంటూ వెళ్లలేదు, ఆయనే దేవుని వెదుకుతూ వచ్చారు. ఆయన వెనుక ఊరి తరువాత ఊరు కదిలింది. మెట్ట ప్రాంతములో ఈనాడు ఉన్న అనేక సంఘాల మూలము ఆ కదలికలోనే ఉంది.

ముస్లిం పాలకుని రాజ్యములో సంఘము ఎదగడము కూడా మనకు తెలియని సంగతి కాదు. జగ్గయ్యపేట దాటి పడమటికి వెళ్తే ఒకప్పుడు నైజాము సరిహద్దు వచ్చేది. అక్కడ ప్రజలలో ఎక్కువమంది హిందువులు గనుక దానిని కువైట్‌తో సరిసమానముగా పోల్చలేము. అయినా ప్రభువు ముస్లిము, అధికార భాష ఉర్దూ. తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు 1903లో స్థాపించిన ఇండియన్ మిషనెరీ సొసైటీ తన సేవకులను పంపినది ఆ రాజ్యములోని దోర్నకల్ ప్రాంతానికే. 1912 డిసెంబరు 29న వి.ఎస్. అజరయ్య కలకత్తాలో అభిషేకము పొంది ఆ దోర్నకల్‌కు మొదటి బిషప్పు అయ్యారు. ఆయన తమిళుడు, తెలుగు నేర్చుకున్న పరదేశి. 1939 జనవరి 6న ప్రతిష్ఠించబడిన దోర్నకల్ కథీడ్రల్‌లో గుడి స్తంభాల తీరు, మసీదు గుమ్మటాల తీరు రెండూ కనబడతాయి. పొరుగువారి కంటికి పరాయిగా కనబడకూడదన్న కోరిక ఆ రాళ్లలో ఉంది.

ఈ రెండు ఉదాహరణలను కువైట్ ప్రక్కన పెట్టి చూస్తే ఒక పోలిక, ఒక తేడా కనబడతాయి. పోలిక ఏమనగా, విత్తినవారు కోయలేదు, కోసినవారు విత్తలేదు. యోహాను సువార్త నాలుగవ అధ్యాయములో ప్రభువు శిష్యులకు చెప్పినది ఇదే. తేడా ఏమనగా, రాఘవాపురము విశ్వాసి తన ఊరిలోనే ఉండి సంఘమయ్యాడు. కువైట్‌లోని తెలుగు విశ్వాసి ఎన్నేళ్లు ఉన్నా అతిథియే.

అతిథి సంఘపు బలహీనత

ఈ తేడా ఎంత లోతైనదో 1990 ఆగస్టు 2న తెలిసింది. ఇరాక్ సైన్యము కువైట్‌ను ఆక్రమించగా లక్షకు పైగా భారతీయులు అన్నీ విడిచి, ఎడారి దాటి జోర్డాను చేరి, అమ్మాన్ నుండి విమానాలలో స్వదేశానికి తిరిగి వచ్చారు. ఏళ్ల తరబడి కట్టుకున్న సమాజాలు కొన్ని వారాలలో చెదిరిపోయాయి. 1991 ఫిబ్రవరిలో విమోచన కలిగిన తరువాత మనుష్యులు మరల వెళ్లారు, సమాజాలు మరల కూడాయి. 2020లో కోవిడ్ వలన ఆలయాలు మూతపడ్డాయి. అనేకులు ఉద్యోగాలు పోయి తిరిగివచ్చారు. 2024 జూన్ 12న మంగాఫ్‌లో కార్మికుల నివాస భవనములో జరిగిన అగ్ని ప్రమాదములో నలభైకి పైగా భారతీయులు చనిపోయారు. వారిలో తెలుగువారు కూడా ఉన్నారు. వీసాపై ఉన్న విశ్వాసికి రేపటి దినము తన చేతిలో ఉండదు.

స్థానిక సంఘపు సంగతి వేరు. 1999లో ఇమ్మానుయేల్ ఘరీబ్ గురువుగా అభిషేకము పొందారు. గల్ఫ్ దేశపు పౌరుడు ఒకరు ప్రొటెస్టెంట్ కాపరి కావడము అదే మొదటిసారి. మిషను వచ్చిన ఎనభై ఏళ్లకు పైబడిన తరువాత గాని అది జరగలేదు. కువైట్ పౌరులలో క్రైస్తవులు ఈనాటికీ కొన్ని వందల మంది మాత్రమే. ముస్లిము కానివారికి కొత్తగా పౌరసత్వము ఇవ్వకుండా 1980 దశకములో చట్టము సవరించబడింది. అందుచేత స్థానిక సంఘము పెరగడానికి దారి ఇరుకు. ఆ కొద్దిమంది స్వజనుల పేరుమీద ఉన్న గుర్తింపే వేలాదిమంది పరదేశులకు ఆశ్రయము. చిన్నమంద పెద్దమందకు ఆతిథ్యమిస్తున్నది.

కాబట్టి "కువైట్‌లో సంఘము ఎంతో పెరిగింది" అని మన కృతజ్ఞతా కూటాలలో చెప్పేటప్పుడు ఆ మాటను విప్పి చెప్పాలి. పెరిగినది అతిథుల సంఖ్య. పెరగనిది, అయినా నిలిచి ఉన్నది, ఇంటివారి నమ్మకత్వము. ఈ రెండవది లేకపోతే మొదటిదానికి చోటు లేదు.

మన బాధ్యత

ఈ చరిత్ర నుండి కాపరులమైన మనకు కొన్ని పనులు కనబడుతున్నాయి.

మొదటిది, వెళ్లేవారిని పంపే విధానము. మన సంఘాలలో గల్ఫ్ వెళ్లే విశ్వాసి కొరకు ఒక ప్రార్థన చేసి, ఆ తరువాత అతని పేరును చందా పుస్తకములో మాత్రమే గుర్తుంచుకునే అలవాటు ఉంది. అతనికి సభ్యత్వ బదిలీ పత్రము ఇచ్చి, అక్కడి తెలుగు సమాజపు పెద్దలకు పరిచయము చేసి పంపడము కనీస ధర్మము. ఆదిమ సంఘములో ఫీబేను రోమీయులకు అప్పగించిన పౌలు పద్ధతి ఇదే. వెళ్లిన మొదటి నెలలలో ఒంటరితనము ఎక్కువ. ఆ సమయములో చేతిలో ఒక ఫోను నంబరు ఉండడము ఎంత మేలో తిరిగివచ్చినవారిని అడిగితే చెబుతారు.

రెండవది, చట్టము గురించిన బోధ. పదవ తరగతి పాసు కానివారి పాస్‌పోర్టుపై కువైట్ వంటి దేశాలకు వెళ్లడానికి 1983 వలస చట్టము క్రింద ప్రభుత్వ అనుమతి కావాలి. ముప్పై ఏళ్లు నిండని స్త్రీని ఇంటి పనికి అలా పంపడానికి అనుమతి లేదు. ఈ పద్ధతిలో వెళ్లే కార్మికునికి 2003లో ఆరంభమైన ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. సందర్శక వీసాపై పంపి, వయస్సు మార్చి వ్రాయించే దళారులు మన విశ్వాసుల ఇళ్లకు కూడా వస్తారు. కాపరి ఈ సంగతులు తెలిసి మాట్లాడితే ఒక కుటుంబము అప్పులపాలు కాకుండా, ఒక సహోదరి బంధకములో పడకుండా ఉండవచ్చు. ఇది ఆత్మీయ పరిచర్యలో భాగమే.

మూడవది, ఇక్కడ మిగిలినవారి కాపుదల. తల్లి కువైట్‌లో ఉండగా అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలు మన ఆదివారపు బడులలో ఉన్నారు. భార్య పంపిన సొమ్ముతో దారి తప్పే భర్తలు ఉన్నారు. గోడ కట్టడానికి, మైకు కొనడానికి ఆ సహోదరి కానుకను సంతోషముతో తీసుకున్న సంఘము, ఆమె బిడ్డ ఏ తరగతి చదువుతున్నాడో తెలుసుకోకపోతే ఆ కానుక మనమీద సాక్ష్యమిస్తుంది.

నాలుగవది, లెక్కల గురించిన మన దృష్టి. సంవత్సరాంతములో ఎన్ని బాప్తిస్మములు అని అడిగే పద్ధతి మన శాఖలన్నిటిలో ఉంది. ఆ ప్రశ్న తప్పు కాదు. కాని డాక్టర్ మైల్రియాను ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆయన జవాబు చాలా చిన్నదిగా ఉండేది. మెట్ట ప్రాంతపు పల్లెలలో ఇరవై కుటుంబాలతో, పెరుగుదల లేకుండా, ఏళ్ల తరబడి నమ్మకముగా నిలిచి ఉన్న కాపరులు ఉన్నారు. వారి పని ఎవరికి నీడ అవుతుందో వారికి ఇప్పుడు తెలియదు.

ముగింపు

చెరలో ఉన్నవారికి యిర్మీయా వ్రాసిన పత్రికలో, వారు చేరిన పట్టణపు క్షేమము కొరకు ప్రార్థించుడని, దాని క్షేమములోనే వారి క్షేమము ఉన్నదని చెప్పాడు. కువైట్‌లోని తెలుగు విశ్వాసులు వంటగదులలో, వాహనాలలో, రోగుల మంచాల ప్రక్కన ఆ మాటను నెరవేరుస్తున్నారు. వారు ప్రసంగించలేని చోట వారి నమ్మకత్వము మాట్లాడుతున్నది. వంద సంవత్సరాల క్రిందట ఆ పట్టణములో ఆసుపత్రి నడిపినవారి మార్గమూ అదే.

యిర్మీయా ఆ పత్రికను యెరూషలేములో ఉండి వ్రాశాడు. ఇంటివద్ద ఉన్న సేవకుడు దూరదేశములో ఉన్నవారికి వ్రాసిన కాపరి లేఖ అది. మన సంఘాల రిజిస్టర్లలో "కువైట్‌లో ఉన్నారు" అని గుర్తు పెట్టిన ప్రతి పేరుకు అటువంటి లేఖ ఒకటి బాకీ ఉన్నాము.